బార్ సర్వర్ల ఆన్‌లైన్ శిక్షణ: పోయనని చెప్పడం నేర్పింది, చట్టం సగమే చెప్పింది

రేటింగ్: 5కి 3

బార్ కౌంటర్ దగ్గర పనిచేస్తాను. మత్తెక్కినవాళ్లకు మళ్లీ పోయకూడదని నేర్పే ఈ కోర్సును మా యాజమాన్యమే చేయించింది. రెండు సాయంత్రాలు పట్టింది.

పనిలో చేరిన మొదటి వారంలో జరిగింది ఇంకా కళ్లముందే ఉంది. ఒకాయన కారు తాళాలు గ్లాసు పక్కనే పెట్టుకుని కూర్చున్నాడు. నేను రెండు పెగ్గులు పోశాను. నాకంటే ముందు షిఫ్టులో వాళ్లు రెండు పోశారట. స్నేహితులు తమ బిల్లులో ఇంకో రెండు తెప్పించారు. మొత్తం ఆరు, ఆ లెక్క ఎవరి దగ్గరా లేదు! డబ్బు కట్టబోతూ కార్డును రెండుసార్లు జారవిడిచాడు. నాకు గుండె ఝల్లుమంది. తాళాలు అడిగితే ఇచ్చాడు కాబట్టి సరిపోయింది, టాక్సీ ఎక్కించాం.

కోర్సులో అన్నిటికంటే నచ్చింది మత్తు ఎలా ఎక్కుతుందో చెప్పిన పాఠం. ఆఖరి గుక్క మింగాక కూడా రక్తంలో ఆల్కహాల్ కొంతసేపు పెరుగుతూనే ఉంటుంది. కౌంటర్ దగ్గర నిలకడగా మాట్లాడినవాడికి స్టీరింగ్ పట్టుకున్నాక మత్తు ముదరొచ్చు. 44 మి.లీ. విస్కీలోనూ, 148 మి.లీ. వైన్‌లోనూ, 355 మి.లీ. మామూలు బీరులోనూ ఆల్కహాల్ దాదాపు ఒకటే, 14 గ్రాములు. "బీరే కదా" అనేవాళ్లకు ఇప్పుడు జవాబు చెప్పగలను. కాఫీ తాగించినా, ముఖాన చన్నీళ్లు కొట్టినా అది త్వరగా దిగదు.

పోయనని చెప్పే తీరు కూడా చక్కగా చూపించారు. నలుగురి ముందు కాకుండా దగ్గరికి వెళ్లి, "మీకు ఎక్కువైంది" అనకుండా "ఇక నేను పోయలేనండీ, మంచినీళ్లు తెస్తాను" అనాలి. నిన్ననే పనికొచ్చింది.

చట్టం దగ్గరే నిరాశపడ్డాను. కెనడా కేసు ఒకటి బాగా చెప్పారు: తాగి తూలుతున్న పాత కస్టమర్‌ను హోటల్‌వాళ్లు రాత్రిపూట బయటికి పంపేస్తే, హైవే మీద నడుస్తూ కారు గుద్ది గాయపడ్డాడు. 1973లో అక్కడి సుప్రీంకోర్టు హోటల్‌కూ మూడో వంతు బాధ్యత ఉందంది. అంతటా ఇంతే అన్నట్టు పాఠం అక్కడితో ఆపేశారు. విడిగా చదివితే తెలిసింది, ఆస్ట్రేలియాలో పబ్‌లో దాచమని ఇచ్చిన మోటార్‌సైకిల్ తాళాలు మళ్లీ అడిగి తీసుకుని, వెళ్తూ చనిపోయిన మనిషి కేసులో 2009లో అక్కడి హైకోర్టు (ఆ దేశంలో అదే అన్నిటికంటే పై కోర్టు) పబ్‌కు బాధ్యత లేదంది. కాలిఫోర్నియాలో బార్ మీద పరిహారం దావా దాదాపుగా మైనర్ల విషయంలోనే నిలుస్తుంది.

నాకు కోపం తెప్పించింది మరొకటి. సర్వర్లకు శిక్షణ ఇప్పిస్తే టెక్సాస్‌లో యజమానికి చట్టరక్షణ దొరుకుతుందని కోర్సు గొప్పగా చెప్పింది. అయితే చట్టాన్ని మీరమని యజమాని నేరుగా గానీ పరోక్షంగా గానీ ప్రోత్సహించి ఉండకూడదన్న షరతు కూడా అందులోనే ఉంది. దాన్ని వదిలేశారు. "ఇంకో రౌండ్ అమ్మండి" అని వెనకనుంచి తరిమే మేనేజర్ల కింద పనిచేసేవాళ్లకు అన్నిటికంటే ముందు తెలియాల్సింది అదే.

షిఫ్టు మారేటప్పుడు ఎవరికి ఎన్ని పెగ్గులు పోశామో ఎలా అప్పజెప్పాలో కూడా కోర్సులో లేదు. మేమే సీటు నంబరు రాసిన చీటీల మీద గీతలు పెట్టుకుంటున్నాం. ఆ ఒక్క పాఠం చేర్చి, వదిలేసిన షరతు చెబితే 4 ఇస్తాను.