పొగాకు పైపులో గాలి బిగుసుకుంటే: కాడను తొలవాలా, మౌత్‌పీస్‌ను సవరించాలా?

పైపు పీల్చడం కష్టంగా ఉంటే చాలామంది ముందు డ్రిల్ బిట్ అందుకుంటారు. తొందరపడకండి. పైపు చల్లారాక (వేడి మీద లాగితే, పొగాకు నింపే గిన్నెకు ఉండే చెక్క కాడ చీలే ప్రమాదం ఉంది) మౌత్‌పీస్ తీసి, ఒట్టి కాడతో పీల్చి చూడండి. గాలి హాయిగా ఆడితే లోపం మౌత్‌పీస్‌లోనే ఉన్నట్టు. చెక్క జోలికి పోనక్కర్లేదు.

కాడే బిగువుగా ఉందా? రంధ్రం 3 మి.మీ. దగ్గర ఉంటే 4 మి.మీ. బిట్‌తో పెంచవచ్చు. కరెంటు డ్రిల్ వద్దు. బిట్‌ను చేతి పిడికి బిగించి నెమ్మదిగా తిప్పాలి, రెండు మూడు చుట్లకోసారి బయటికి తీసి పొడి దులపాలి. ఎక్కడ ఆపాలో బిట్ మీద టేపు చుట్టి గుర్తు పెట్టుకోండి. లేదంటే గిన్నె ఎదుటి గోడకు గుంట పడుతుంది. రంధ్రం మరీ పెద్దదైతే పొగాకు తునకలు నోట్లోకొస్తాయి. పోయిన చెక్క తిరిగి రాదు.

మౌత్‌పీస్ పని నిదానం, కానీ చెడినా కొత్తది వేసుకోవచ్చు. నోటి వైపు చీలికను సూది ఆకురాయితో లోపల గరాటులా విప్పాలి. పక్కలకే రాయాలి, పైకీ కిందికీ రాస్తే పళ్లు ఆనేచోట గోడ పలచబడి చిల్లు పడుతుంది. కాడలో దూరే కొస లోపలి అంచును కూడా కాస్త ఏటవాలు చేయండి.

గుడగుడ శబ్దం వేరే సంగతి. మౌత్‌పీస్ కొసకూ, కాడలో అది దూరే గుంట అడుగుకూ మధ్య ఖాళీలో తేమ చేరితే వస్తుంది. దానికి తొలవడం మందు కాదు.