రొయ్యల చెరువుల పీహెచ్‌డీకి మా లైబ్రరీ చేసిన సాయం

నెల్లూరు తీరంలో రొయ్యల చెరువుల మీద నా పరిశోధన. తీరంలో రొయ్యల చెరువులను కట్టడి చేసిన 1996 సుప్రీంకోర్టు తీర్పుకి ముందటి వ్యాసాల కోసం మా యూనివర్సిటీ లైబ్రరీకి పోయాను. కౌంటర్లో మేడమ్ పక్కనే కూర్చోబెట్టుకుని, "టైగర్ రొయ్య అని కాదమ్మా, పీనియస్ మోనోడాన్ అని దాని శాస్త్రీయ నామం కొట్టు" అన్నారు. అంతే, మన దేశపు పీహెచ్‌డీ థీసిస్‌లను ఆన్‌లైన్‌లో ఉంచే శోధ్‌గంగలో పాత థీసిస్‌లు వరసగా వచ్చేశాయి. డబ్బు కట్టక్కర్లేదు, ఇంట్లో కూర్చునే చదువుకోవచ్చు. అక్కడ లేని ఒక వ్యాసాన్ని వేరే లైబ్రరీకి మెయిల్ పెట్టి మరీ తెప్పించారు. ఎంత ఓపికో ఆమెకి!

పాత జర్నళ్ల బైండింగులు మాత్రం దుమ్ము పట్టి, వరస తప్పి ఉన్నాయి. అది బాగుచేయాల్సిందే.

మన థీసిస్‌లో ఎంత భాగం వేరేవాళ్ల రాతలతో కలుస్తోందో చూపే సిమిలారిటీ రిపోర్టు కూడా ఇక్కడే ఇస్తారు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం 10 శాతం దాకా ఇబ్బంది లేదు. సబ్మిషన్ల సమయంలో రద్దీ ఎక్కువ, చాప్టర్లు ముందే ఇచ్చుకోండి.