తొమ్మిదేళ్ల ఫ్లష్ ట్యాంకు, బోరు నీళ్లు, ఒక రబ్బరు వాషరు

రాత్రి పదకొండు దాటి ఇల్లంతా సద్దుమణిగాక మా బాత్రూంలోంచి ఒక సన్నటి చప్పుడు వచ్చేది. సుయ్‌మని ఒక అర నిమిషం, తర్వాత నిశ్శబ్దం. ముప్పావు గంటకు మళ్లీ సుయ్. ఫ్లష్ చేసినవాళ్లు లేరు, నిద్ర లేచినవాళ్లూ లేరు. మా అత్తమ్మ మాత్రం "ఏడనో నీళ్లు పోతున్నయి బిడ్డా, జర చూడు" అంటూనే ఉండేది. నేను వారం రోజులు పట్టించుకోలేదు. ఆ చప్పుడు ఏం చెబుతోందో అప్పటికి నాకు తెలియదు.

మాది హైదరాబాద్‌లో ఎల్బీనగర్ వైపు, రెండో అంతస్తు ఫ్లాటు. 2016లో గృహప్రవేశం చేశాం. అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు, కింద కూర్చోలేదు. అందుకని ఒక బాత్రూంలో కమోడ్, రెండోదాంట్లో మామూలు ఇండియన్ బేసిన్ పెట్టించాం. కమోడ్ వెనక గోడకు 8 లీటర్ల ప్లాస్టిక్ ఫ్లష్ ట్యాంకు. సగం నీళ్లకు ఒక బటన్, మొత్తం నీళ్లకు ఒక బటన్. పేరున్న కంపెనీదే. తాగడానికి కృష్ణా నీళ్లు వస్తాయి, మిగతా వాడకమంతా బోరు నీళ్లే. అపార్ట్‌మెంట్ వాళ్లమంతా కలిసి ఒకసారి ఆ బోరు నీళ్లు పరీక్ష చేయిస్తే కాఠిన్యత, అంటే నీళ్లలో కరిగున్న సున్నంలాంటి ఖనిజాల లెక్క, లీటరుకు 680 మిల్లీగ్రాములు అని వచ్చింది. తాగునీటికి భారతీయ ప్రమాణం 200. వేరే దిక్కు లేనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు. మా నీళ్లు ఆ గీత కూడా దాటేశాయి. ఈ ట్యాంకు గురించి ఏం చెప్పినా ఈ నీళ్లను కలుపుకునే చెప్పాలి. మెత్తటి నీళ్లున్న ఊళ్లో ఇదే సామాను ఇంకెన్నేళ్లు నడిచేదో.

మొదటి రెండేళ్లు ఏ ఇబ్బందీ లేదు. 2018లో తొలిసారి ఆ సుయ్ చప్పుడు మొదలైంది. ప్లంబర్‌ను పిలిచాం. మూత తీసి ఒక్క చూపు చూసి "లోపలి సెట్టు ఖరాబైంది మేడం, మొత్తం మార్చాలె" అన్నాడు. కొత్త సెట్టు, అతని కూలి కలిపి 1,350 రూపాయలు. అరగంటలో పని అయిపోయింది, చప్పుడు పోయింది. పాత సెట్టులో చెడింది ఏమిటో నేను అడగలేదు, అతను చెప్పలేదు.

2020 ఏప్రిల్‌లో మళ్లీ అదే చప్పుడు. లాక్‌డౌన్ రోజులు, ఎవరూ ఇళ్లకు వచ్చే పరిస్థితి లేదు. ఎండాకాలం, పైగా బోరు సన్నగిల్లి మోటారు పూటకు గంటే వేస్తున్నారు. ఇక మూత నేనే తీశాను.

ముందు నేను నేర్చుకున్నది చెప్తాను, ఇది తెలిస్తే సగం పని అయినట్టే. ట్యాంకులోంచి ఎవరూ బటన్ నొక్కకుండా కమోడ్‌లోకి నీళ్లు పోవడానికి రెండే దారులు. ఒకటి అడుగున, నీళ్లు జారకుండా ఆపే రబ్బరు వాషరు సందులోంచి. ఇంకొకటి పైన, ఓవర్‌ఫ్లో గొట్టం మూతిలోంచి. ట్యాంకు నిండగానే నీళ్లను దానంతటదే ఆపే బాలు కాక్ సరిగా మూసుకోకపోతే నీళ్లు పైకెక్కి ఆ గొట్టంలో పడిపోతుంటాయి. అప్పుడు చప్పుడు ఆగదు, సన్నగా రాత్రంతా వస్తూనే ఉంటుంది. అడుగున వాషరు కారుతుంటే చప్పుడు ఆగి ఆగి వస్తుంది. మట్టం కాస్త దిగగానే బాలు కాక్ తెరుచుకుని ఆ తగ్గినంత నింపి మూసుకుంటుంది. మాది రెండో రకం. మా అత్తమ్మ చెవికి అందింది అదే.

ఖాయం చేసుకోవడానికి నీలిమందు వాడాను. తెల్లబట్టలకు వేసే నీలిమందే, నాలుగు చుక్కలు ట్యాంకులో వేసి ఇరవై నిమిషాలు ఎవరినీ ఫ్లష్ చేయవద్దన్నాను. వెళ్లి చూస్తే కమోడ్ లోపలి గోడ మీదుగా నీలం చార ఒకటి కిందికి జారి, అడుగు నీళ్లలో పాయలా కలుస్తోంది. పైనుంచి చూస్తే కనపడదు, టార్చి వేస్తేనే తెలిసింది. వేసవిలో నీళ్లకు కటకటలాడుతూ, రోజంతా మేమే ఇలా వదిలేస్తున్నామని ఆ చార చూశాక నాకు చాలా బాధేసింది.

ఎంత పోతోందో కూడా లెక్కేశాను. నీళ్లు ఆపేసి ట్యాంకు లోపలి గోడ మీద పెన్సిల్‌తో గీత పెట్టాను. గంటకు 2 సెంటీమీటర్లు దిగింది. ట్యాంకు లోపలి పొడవు సుమారు 38 సెంటీమీటర్లు, వెడల్పు 13. అంటే ఒక సెంటీమీటరు దిగితే దాదాపు అర లీటరు. గంటకు లీటరు, రోజుకు 24 లీటర్లు. ఇంటికి తెప్పించుకునే 20 లీటర్ల డబ్బా కన్నా ఎక్కువ, రోజూ, ఎవరికీ పనికిరాకుండా. మా బిల్డింగ్‌లో పది ఫ్లాట్లు. ఓవర్‌హెడ్ ట్యాంకు తెల్లారేసరికి ఎందుకు సగమవుతోందని మీటింగుల్లో ఎన్నోసార్లు మాట్లాడుకున్నాం. ఈ గీత పరీక్షతో ఇంకో లాభం ఉంది: నీళ్లు ఓవర్‌ఫ్లో గొట్టం అంచు దాకా దిగి అక్కడే ఆగిపోతే తప్పు బాలు కాక్‌ది. అంచు దాటి ఇంకా కిందికి పోతుంటే తప్పు వాషరుది.

నీళ్లు ఆపేశాను అని తేలిగ్గా రాశాను గానీ, ఆ రోజు అదే అన్నిటికన్నా కష్టమైంది. ట్యాంకుకు నీళ్లు ఆపడానికి గోడ దగ్గర ఉండే చిన్న కుళాయి, యాంగిల్ కాక్, నాలుగేళ్లుగా ఎవరూ తిప్పలేదు. ఉప్పు పట్టి బిగుసుకుపోయింది. బలం పెడితే లోపలి పుల్ల విరుగుతుందని భయమేసి వదిలేసి, టెర్రస్ మీదికి వెళ్లి మా బాత్రూం లైను వాల్వే కట్టాను. అప్పటినుంచి నెలకోసారి ఇంట్లో ఉన్న యాంగిల్ కాక్‌లన్నీ ఒకసారి మూసి తెరుస్తాను. రెండు నిమిషాల పని. దయచేసి మీరూ చేయండి. పైపు పగిలిన రోజున ఆ కాక్ తిరగకపోతే ఇల్లంతా నీళ్లే.

ఫ్లష్ చేసి ట్యాంకు ఖాళీ చేశాక, మధ్యలో ఉన్న నిలువు సెట్టును పట్టుకుని ఎడమ వైపు పావు వంతు తిప్పితే ఊడి చేతిలోకి వచ్చింది. స్పానర్ అవసరం పడలేదు. దాని అడుగున గాజంత రబ్బరు వాషరు. నల్లగా ఉండాల్సింది బూడిద రంగులోకి వచ్చింది. అంచు మీద వేలు పెట్టి తిప్పితే ఇసుక కాగితంలా గరుకు. ఒకచోట బియ్యపు గింజంత తెల్ల పెచ్చు అంటుకుని ఉంది. దాని పక్కనే రబ్బరు మీద సన్నటి గుంట. ఆ పెచ్చు మీద వాషరు ఎత్తుగా కూర్చుంటోంది, పక్కనున్న సందులోంచి నీళ్లు జారుతున్నాయి. 1,350 రూపాయల జబ్బు మొత్తం ఆ గింజలోనే ఉంది.

మగ్గు గోరువెచ్చటి నీళ్లలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు కలిపి వాషరును అరగంట నానబెట్టాను. వేయగానే దాని చుట్టూ సోడా పొంగినట్టు బుడగలు లేచాయి. సున్నపు పెచ్చు పులుపుకు కరుగుతుంది, అంతే. ట్యాంకు అడుగున వాషరు కూర్చునే చోట కూడా తెల్లటి వలయం ఉంది. దాన్ని అదే నీళ్లలో ముంచిన పాత బనియన్ గుడ్డతో తుడిచాను. కత్తితో గానీ స్టీలు పీచుతో గానీ గీకకూడదు, గీత పడితే ఆ గీతలోంచే కారుతుంది. వాషరును తిరగేసి, గుంట లేని వైపు కిందికి వచ్చేలా ఎక్కించాను. చప్పుడు ఆగిపోయింది. తిరగేసిన వాషరే జూన్ దాకా పనిచేసింది. షాపులు తెరిచాక పాతది పట్టుకెళ్లి చూపిస్తే హార్డ్‌వేర్ షాపతను "అక్కా, ఇదొక్కటే కావాలా?" అని అడిగి 60 రూపాయలకు కొత్తది ఇచ్చాడు. రెండు తెచ్చుకున్నాను. అప్పటినుంచి ఇప్పటిదాకా లోపలి సెట్టు మార్చలేదు. వాషర్లు మాత్రం మూడు మార్చాను.

ట్యాంకులో గార పోవాలని కొందరు కమోడ్ కడిగే యాసిడ్ అందులోనే పోస్తారు. వద్దు. రబ్బరు, లోపలి స్ప్రింగులు, బోల్టులు పాడైపోతాయి. ఇంతకన్నా ముఖ్యమైన మాట: ఆ యాసిడ్‌ను, బ్లీచింగ్ పౌడర్‌ను ఎప్పుడూ కలపకండి, ఒకదాని తర్వాత ఒకటి కడక్కుండా వేయకండి. క్లోరిన్ గ్యాస్ వస్తుంది. తలుపు మూసిన చిన్న బాత్రూంలో అది ప్రాణాల మీదికి తెస్తుంది. పని మనిషి మీ ఇంట్లో కడుగుతుంటే ఈ సంగతి ఆమెకు తప్పకుండా చెప్పండి, ఆ రెండు డబ్బాలు ఒకే చోట పెట్టకండి.

బాలు కాక్ ఇచ్చిన ఇబ్బంది తక్కువే. ఒకసారి ట్యాంకు నిండటానికి పావు గంట పట్టడం మొదలైంది. కనెక్షన్ పైపు విప్పితే, నీళ్లు లోపలికి వచ్చే మూతి దగ్గర చిన్న జల్లెడ ఉంది, అందులో ఇసుకలాంటి రేణువులు ఇరుక్కున్నాయి. కడిగి పెట్టాను, రెండు నిమిషాల్లో నిండింది. నీటిమట్టం ఓవర్‌ఫ్లో అంచుకు ఒక అంగుళం కిందికి ఉండాలి. బాలు పక్కనున్న చిన్న స్క్రూ తిప్పి సరిచేసుకోవచ్చు.

ఇక ఫ్లష్ బలం తగ్గడం. ఐదో ఏడాది నుంచి రెండుసార్లు నొక్కితే గానీ శుభ్రం కావడం లేదు. ఇక్కడ ఒక తేలిక పరీక్ష: అర బకెట్ నీళ్లు ఒక్క ఊపులో కమోడ్‌లో పోయండి. గుటుక్కున లాక్కుంటే లైను బాగున్నట్టే, లోపం ట్యాంకు వైపు. నీళ్లు పైకి లేచి మెల్లగా దిగితే అడ్డం పడినట్టు. మాది గుటుక్కున పోయింది. అంచు కింద చిన్న అద్దం పెట్టి చూస్తే నీళ్లు దూకే రంధ్రాలు సగానికి సగం సున్నంతో పూడుకుపోయాయి. నిమ్మ ఉప్పు నీళ్లలో తడిపిన గుడ్డ పేలికలు అంచు కింద కుక్కి రాత్రంతా వదిలేశాను. పొద్దున హెయిర్‌పిన్‌తో ఒక్కో రంధ్రం పొడిస్తే పెచ్చులు రాలాయి. ఇప్పుడు ఏడాదికి రెండుసార్లు ఇదే చేస్తాను.

అడ్డం పడింది ఒక్కసారే, చుట్టాలు వచ్చినప్పుడు ఎవరో తడి వైప్స్ వేశారు. వాటి ప్యాకెట్ మీద ఏం రాసి ఉన్నా కమోడ్‌లో వేయకండి, కాగితంలా కరగవు. ప్లంజర్ వాడేటప్పుడు దాని రబ్బరు కప్పు నీళ్లలో మునగాలి, మొదట మెల్లగా నొక్కాలి, తర్వాత గట్టిగా పైకి లాగాలి. పని చేసేది ఆ లాగుడే. ఒకవేళ రెండు బాత్రూంలూ ఒకేసారి నిలిచిపోయి, నేల జాలీలోంచి గుడగుడ వినిపిస్తే అది మన చేతిలో పని కాదు, కింద లైనుది. అప్పుడు మిషన్ బండిని పిలవండి. చాంబర్‌లోకో సెప్టిక్ ట్యాంకులోకో మనిషిని దింపనివ్వకండి. రక్షణ సామగ్రి లేకుండా అలా దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది. లోపల పేరుకునే విషవాయువుకు మనుషులు చనిపోతున్న వార్తలు ఇంకా చదువుతూనే ఉన్నాం. తొందరగా పని కావాలని మా బిల్డింగ్‌లో ఒకరు "మనిషినే దింపుదాం" అన్నప్పుడు నేను గట్టిగా అడ్డుపడ్డాను. బండి రావడానికి ఒక రోజు ఆలస్యమైంది. ఒక రోజు ఓర్చుకున్నాం.

ఇండియన్ బేసిన్ గురించి చెప్పుకోవడానికి పెద్దగా లేదు. తొమ్మిదేళ్లలో చెడింది లేదు. ఊరెళ్లి నెల తర్వాత వస్తే వాసన వచ్చేది, బేసిన్ కింది వంపు గొట్టంలో (ట్రాప్‌లో) రెండంగుళాల నీళ్లు ఉంటేనే వాసన లోపలికి రాకుండా ఆగుతుంది, అవి ఎండిపోయాయి. రెండు చెంబులు పోస్తే సరి.

మొత్తమ్మీద ఈ సామాను ఎలా ఉందంటే: పింగాణీకి వంక పెట్టలేను, ఒక్క గీత లేదు. ట్యాంకు డొక్కు గట్టిది. సీటు మూత కీళ్లు మూడో ఏడాదే విరిగాయి, విడిగా కొనుక్కోవాల్సి వచ్చింది. లోపలి సెట్టు బోరు నీళ్లకు తట్టుకునేది కాదు, కానీ శుభ్రం చేసుకుంటూ ఉంటే నడుస్తుంది. కొత్తగా కొనేవాళ్లు షాపులో ముందు అడగాల్సింది ధర కాదు. "దీని వాషరు విడిగా దొరుకుతుందా? ఒకటి తీసి చూపించండి" అనండి. చూపించలేకపోతే ఆ మోడల్ వద్దు. గోడలో దాచేసే ట్యాంకులు చూడ్డానికి బాగుంటాయి, మా బోరు నీళ్లకు మాత్రం నేను పెట్టించను. మూత తీసి చేయి పెట్టగలిగేదే నాకు కావాలి.

మొన్న ఆదివారం కింది ఫ్లాటు ఆవిడ, రాత్రుళ్లు బాత్రూంలో ఏదో చప్పుడొస్తోందని చెప్పారు. ఆగి ఆగి వస్తోందా, ఆగకుండా వస్తోందా అని అడిగాను. ఆగి ఆగి అన్నారు. నీలిమందు సీసా, మిగిలున్న వాషరు తీసుకుని మెట్లు దిగాను.