పరువు నష్టం నోటీస్ వస్తే భయపడకుండ పోదగ్గ వకీలు ఆఫీసు, నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర

బార్ కౌన్సిల్ రూల్ ప్రకారం వకీళ్లు ప్రచారం చేసుకోవద్దు కాబట్టి మేడం పేరు రాయట్లే, గని పని ఎట్ల చేసిందో మాత్రం వివరంగ చెప్త.

మా మేనకోడలు ఓణీల ఫంక్షన్‌కు ఫొటోలు తీసిన స్టూడియో వాళ్లు ఆ పిల్ల ఫొటో పెద్ద ఫ్రేం కట్టి షాపు ముందట పెట్టిండ్రు, ఇన్‌స్టాల గూడ ఏసిండ్రు, ఎవ్వరినీ అడగలే. అక్క తీసేయమని వాట్సాప్ పెడితే బ్లూ టిక్ పడ్డది గని జవాబు లేదు, ఇగ అక్క గూగుల్‌ల జరిగింది జరిగినట్టు రివ్యూ రాసింది. దానికి వాళ్లు 10 లక్షలు కట్టాలె లేకుంటే జైలే అని నోటీస్ పంపిండ్రు, పైంగ ఎఫ్ఐఆర్ చేయిస్తమని ఫోన్‌ల బెదిరింపు. అక్కకు రెండు పూటలు అన్నం సయించలే.

మేడం నోటీస్ మొత్తం చదివి, అక్క రివ్యూ ప్రింటు పక్కన పెట్టుకొని ఎర్ర పెన్నుతోని ఒక్కొక్క లైన్ మీద ఆగి "అమ్మా, ఇది జరిగిన సంగతా, నీ అభిప్రాయమా?" అని అడిగింది. జరిగిందన్న ప్రతి లైన్‌కు రుజువు అడిగింది, వాట్సాప్ మెసేజ్, ఫ్రేం ఫొటో, స్టూడియో బిల్లు అన్నీ ఒక ఫైల్‌ల పెట్టిచ్చింది. పరువు నష్టం మీద పోలీసోళ్లు సొంతంగ ఎఫ్ఐఆర్ చేయలేరు, స్టూడియో వాళ్లే మేజిస్ట్రేట్ దగ్గర కంప్లైంట్ వేసుకోవాలె, క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి మీద వచ్చిన కొత్త చట్టంల అయితే కేసు తీసుకునేకంటే ముందే మన మాట గూడ వినాలె అని చెప్పంగనే అక్క మొఖం తేటపడ్డది. సివిల్ దావాల నిజం ఒక్కటి నిరూపిస్తే చాలు, క్రిమినల్‌ల మాత్రం నిజంతో పాటు ప్రజల మేలు కోసం చెప్పినం అని గూడ చూపాలె అట. బీఎన్ఎస్ (ఐపీసీ జాగల వచ్చిన భారతీయ న్యాయ సంహిత) 356 కింద 2 ఏండ్ల దాక శిక్ష ఉన్నదన్న సంగతి గూడ దాయలే.

ఇదే ఇంగ్లాండ్‌ల అయితే 2013 పరువు నష్టం చట్టం ప్రకారం పరువుకు తీవ్రమైన నష్టం జరిగిందనో జరిగేటట్టు ఉన్నదనో చూపకుంటే దావానే నిలవదట, వ్యాపారం చేసే కంపెనీ అయితే డబ్బుల రూపంల పెద్ద నష్టం చూపాలె. 2019ల అక్కడి సుప్రీంకోర్టు మాట ఎంత ఘాటుగున్నదని కాదు, దాంతోని నిజంగ ఏమైందో చూడాలె అన్నది. మన దగ్గర అట్లాంటి జల్లెడ లేదు. బీఎన్ఎస్ 33ల మామూలు మనిషి పట్టించుకోనంత చిన్న నష్టం నేరం కాదని ఉన్నది గని అది చెప్పుకునేందుకు గూడ కోర్టు దాక పోవాల్సిందే. 2016ల మన సుప్రీంకోర్టు క్రిమినల్ పరువు నష్టం ఉండొచ్చని చెప్పింది, నాకైతే అది మింగుడు పడలే, ఫొటో తీసేయమన్న తల్లికి జైలు భయం ఏంది అసలు?

మనమే తిరిగి కేసు వేద్దామా అని అక్క అడిగితే మేడం ఒప్పుకోలే. 2017ల సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీలు ప్రైవసీ ప్రాథమిక హక్కు అన్నది నిజమే గని షాపు మీద నష్టపరిహారం దావా అంటే ఏండ్లు పడ్తది, పిల్ల సంగతి కోర్టు కాగితాలల్ల తిరుగుతది, ముందు ఫొటో దింపిద్దాం అన్నది. కేసు వేపిస్తే తనకే ఫీజు వచ్చేది, అయినా వద్దన్నది. స్పీడ్ పోస్ట్‌ల జవాబు నోటీస్ పంపింది, ఫ్రేం దిగింది, ఇన్‌స్టాల పోస్ట్ పోయింది, అవతల నుంచి మళ్ల చప్పుడు లేదు.

ఫీజు ముందే కాగితం మీద రాసిచ్చింది, అంత కట్టలేని ఆడోళ్లకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థల ఫ్రీగ వకీలును పెడ్తరని గూడ తనే చెప్పింది. కోర్టు టైంల ఫోన్ ఎత్తరు, మెట్లు నిటారుగున్నయి, పెద్దోళ్లకు కష్టం, సాయంత్రం జనం ఎక్కువ. పోయేటోళ్లు నోటీస్ వచ్చిన కవర్ పారేయకుండ పట్టుకపోండి, దాని మీద పోస్టు ముద్ర తారీఖు చూస్తది.