పశు బీమా: పోగు ఊడితే పాలసీ ఉన్నా లేనట్టే

ప్రభుత్వ రాయితీ పశు బీమాను నాలుగేళ్లుగా నాలుగు గేదెల మీద కడుతున్నాను. రాయితీ ఎంత, ఎక్కడ కట్టాలి అన్నవి రైతు సేవా కేంద్రంలో అడిగితే చెబుతారు. నేను రాసేది పశువును గుర్తుపట్టడానికి చెవికి వేసే పసుపు నంబరు పోగు (ట్యాగ్) గురించి. పథకమంతా ఆ 12 అంకెల ముక్క మీదే నిలబడి ఉంది. పోగు లేకపోతే క్లెయిమ్ లేదు, అంతే.

పోగు ఊడటానికి కారణం చాలాసార్లు వేసిన రోజే పడుతుంది. చెవి నడిమిన, గట్టి ఈనెల మధ్య, రక్తనాళం తగలని చోట వేయాలి. అంచుకు జరిపి వేస్తే గేదె గుంజకు చెవి రుద్దుకున్నప్పుడో, కంప తగులుకున్నప్పుడో చీరుకుని వచ్చేస్తుంది. వానాకాలంలో వేయిస్తే ఈగ వాలి పురుగు పడుతుంది. వేశాక పది రోజులు పొవిడోన్ అయోడిన్ పూయాలి, చుట్టూ వేపనూనె రాయాలి, చీము పట్టిందేమో రోజూ చూడాలి.

నాకు అందకుండా పోయిన క్లెయిమ్ పోగు దగ్గరే పోయింది. పాతది ఊడితే వారంలోనే కొత్తది వేశారు, భారత్ పశుధన్ యాప్‌లో నంబరు మార్చారు. పని అయిపోయిందనుకోవడమే పొరపాటు. పశుసంవర్ధక శాఖ రికార్డు వేరు, బీమా కంపెనీ రికార్డు వేరు. ఇక్కడ మారితే అక్కడ దానంతట అది మారదు. పాలసీలో కొత్త నంబరు చేర్చినట్టు కంపెనీ ఎండార్స్‌మెంట్ కాగితం ఇవ్వాలి. అది రాకముందే గేదె చచ్చిపోయింది. పోస్టుమార్టం నివేదికలో ఒక నంబరు, పాలసీలో ఇంకో నంబరు. తిప్పి పంపేశారు. కొమ్ముల తీరు, నుదుటి మీద తెల్లమచ్చ, పాత ఫోటోలు చూపించినా వినలేదు. అది అన్యాయమనే ఇప్పటికీ అంటాను.

అందుకే పోగు ఊడిన రోజే కంపెనీకి రాయండి. దరఖాస్తు రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద తేదీతో సంతకం పెట్టించుకోండి. ఊడిన ముక్క దొరికితే దాచండి. కొత్త పోగుతో ముఖం ఒకటి, పక్క నుంచి ఒకటి ఫోటో తీయండి. ఎండార్స్‌మెంట్ చేతికొచ్చాక ప్రతి అంకె సరిచూడండి, టైపు చేసేటప్పుడు 6కి 8 పడటం మామూలే.

పశువు చచ్చిపోతే ముందు డాక్టరుకు, కంపెనీకి ఫోన్ చేయాలి. డాక్టరు రాకుండా పాతిపెట్టకూడదు. ఎండాకాలం కళేబరం గంటల్లో ఉబ్బిపోతుంది, ఆలస్యమైతే చావుకు కారణం తేల్చడం కష్టం. పోగు ఇవ్వాలి కదా అని చెవి మీరే కోయకండి. ముక్కు నుంచి, వెనక నుంచి గడ్డకట్టని నల్లరక్తం కారుతుంటే దొమ్మరోగం (ఆంత్రాక్స్) అనుమానించాలి. అలాంటి కళేబరాన్ని కోస్తే ఆ క్రిములు నేలలో ఏళ్ల తరబడి బతుకుతాయి. అప్పుడు పోస్టుమార్టం చేయరు, గాజు పలక మీద రక్తం పూత తీసి పరీక్షకు పంపుతారు.

ఇంకో గేదెకు డబ్బు వచ్చింది, 30,000. క్లెయిమ్ ఫారం, పాలసీ కాగితం, పోస్టుమార్టం నివేదిక, కంపెనీకి ఇచ్చిన సమాచారం, ఈ నాలుగూ చాలాయి. ఆ ఊపులో అడిగినవాళ్లందరికీ కళ్లు మూసుకుని కట్టమన్నాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. లక్ష పెట్టి కొన్న ముర్రాకు 30,000 మూడో వంతు కూడా కాదు, అదీ చేతికి రావడానికి నాలుగు నెలలు పట్టింది.

వరదలో, తుపానులో పోతే దారి వేరు. విపత్తు సహాయ నిధి 2022-26 నిబంధనల్లో పాడి గేదెకు 37,500 అని పెట్టారు, మూడింటి వరకే. దానికి బీమా అక్కర్లేదు.

పశువైద్యశాల మూడు కిలోమీటర్లలో ఉంది, గేదెలు కొట్టంలోనే ఉంటాయి కాబట్టి నాకు గిట్టుబాటే. కంపల్లో మేసే గొర్రెల మందకు ఇదే మాట చెప్పలేను, పోగులు నిలవవు. ఈసారి మూడింటికే కట్టాను. కొత్తగా కొన్నదాని చెవికి ఇంకా పుండు ఉంది, అది మానాక పోగు, పోగు పడ్డాక పాలసీ.