బరంపురం లేడీ డాక్టరు క్లినిక్: మందు కన్నా ముందు నోటుబుక్కు రాయించారు

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో చిన్నపిల్లలకు పాఠాలు చెబుతాను. రెండేళ్లుగా పీరియడ్స్ డేట్‌కి వారం ముందు నుంచి మనిషినే మారిపోయేదాన్ని. రొమ్ములు సలుపు, కాళ్లు బరువు, అర్ధరాత్రి మెలకువ, చిన్న మాటకే ఏడుపు. ఒకరోజు మా పాప పాలగ్లాసు ఒలకబోసిందని చెయ్యి చేసుకున్నాను. మర్నాడే పీరియడ్స్ వచ్చాయి, రెండు రోజుల్లో మనసు తేటపడింది. పాప మాత్రం వారం దాకా నా చేత్తో పాలు తాగనంది. అప్పుడే డాక్టరు దగ్గరికి వెళ్లాలనుకున్నాను.

అంతకు ముందు, తనకు పనిచేసిందని మా వదిన చెబితే ఆన్‌లైన్‌లో 'హార్మోన్ బ్యాలెన్స్' పొడి తెప్పించాను. డబ్బా 899 రూపాయలు. మూడు డబ్బాలు అయ్యాయి, నాకు తేడా తెలియలేదు. ఏ హార్మోన్‌ని సరిచేస్తుందో డబ్బా మీద ఎక్కడా రాయలేదు.

బరంపురం క్లినిక్‌లో ఫీజు 400. డాక్టరమ్మ ఒడియా మనిషి, నర్సు తెలుగు, కాబట్టి మాటకు ఇబ్బంది లేదు. హార్మోన్ టెస్టులన్నీ రాయమని నేనే అడిగాను. ఆవిడ రాయలేదు. పీఎంఎస్‌ని (పీరియడ్స్ ముందు వచ్చే ఈ బాధల్ని) పట్టిచ్చే రక్తపరీక్ష ఏదీ లేదట. చాలామందిలో హార్మోన్ల అంకెలు మామూలుగానే ఉంటాయట. అండం విడుదలయ్యాక ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ పెరుగుతుంది, పీరియడ్స్ ముందు పడిపోతుంది. అందరిలోనూ జరిగేదే. కొందరి మెదడు మాత్రం ఆ ఎగుడుదిగుడును తట్టుకోలేదు. "నీ తప్పు కాదమ్మా, నీ గుణం కాదు" అని నర్సు తెలుగులో చెప్పినప్పుడు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. థైరాయిడ్, రక్తహీనత కూడా ఇలాగే కనిపిస్తాయని ఆ రెండు టెస్టులు మాత్రం చేయించారు.

తర్వాత మందు ఇస్తారనుకుంటే నోటుబుక్కు పెట్టమన్నారు. రోజూ రాత్రి కోపం, నిద్ర, నొప్పి, ఏడుపు, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు మార్కులు. రెండు నెలలు, ఏ రోజుది ఆ రోజే. మొదట విసుగొచ్చింది. రెండో నెల చివర పేజీలు తిప్పితే నాకే అర్థమైంది: డేట్‌కి ఎనిమిది రోజుల ముందు మొదలు, వచ్చిన రెండో రోజుకు సున్నా, మధ్యలో రెండు వారాలు శుభ్రంగా ఉన్నాయి. పీఎంఎస్ గుర్తు అదేనట. నెలంతా ఒకేలా ఉంటే వేరే కారణం వెతకాలట. చచ్చిపోవాలనిపించేంత బాధ ఉన్నవాళ్లు మాత్రం ఈ రెండు నెలలూ ఆగకుండా వెంటనే రావాలని గట్టిగా చెప్పారు. అలాంటి తీవ్రమైన రకానికి, మెదడులోని సెరటోనిన్ అనే రసాయనం మీద పనిచేసే మందులు ఉన్నాయి, కొందరికి డేట్ ముందు రెండు వారాలు వాడితే చాలట.

నాకు కాల్షియం రాశారు. 1998లో అమెరికాలో 466 మంది ఆడవాళ్ల మీద చేసిన పరీక్ష గురించి చెప్పారు. రోజుకు 1,200 మిల్లీగ్రాములు వాడినవాళ్లకు మూడో నెలకి బాధలు 48 శాతం తగ్గాయి, మందు లేని ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్లకు కూడా 30 శాతం తగ్గాయి. ఈ రెండో అంకె విన్నాక మా వదినకు ఆ పొడి ఎందుకు పనిచేసినట్టు అనిపించిందో తెలిసింది. బీ6 విటమిన్ అడిగితే, ఎక్కువ డోసు చాలాకాలం వాడితే నరాలు దెబ్బతింటాయని వద్దన్నారు. రోజూ చోడి (రాగి) అంబలి తాగమన్నారు. వంద గ్రాముల చోళ్లలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పక్కింటి ఒడియా అపా (అక్క) వాళ్ల మాండియా జావు కూడా అదే.

నాలుగు నెలలైంది. నిద్ర పడుతోంది, కోపం సగానికి తగ్గింది. రొమ్ముల సలుపు తగ్గలేదు. మా ఆయన నోటుబుక్కు చదివి ఆ వారం వంటగది తన చేతిలోకి తీసుకున్నారు. రజ పండక్కి, భూదేవికి నెలసరి అని ఆమెకే మూడు రోజులు విశ్రాంతినిచ్చే ఊళ్లో ఉండి, మా ఇంట్లో ఇన్నేళ్లూ ఈ మాట పైకి అనుకోలేదు.

ఒక లోటు చెప్పాలి. పదింటికి టోకెన్ తీసుకుంటే ఒంటిగంటన్నరకు పిలిచారు. కౌంటర్లో కుర్రాడు "ఏటమ్మా, ప్రాబ్లమేటి?" అని అందరి ముందూ గట్టిగా అడుగుతాడు. కాగితం మీద రాసి ఇవ్వండి, తీసుకుంటారు. దూరం నుంచి వచ్చేవాళ్లు రెండు నెలల డేట్లు, మార్కులు ముందే రాసుకుని వెళ్తే ఒక ట్రిప్పు తప్పుతుంది.