థర్మామీటర్ పట్టుకుని మహేంద్రగిరికి

బకెట్లో నీళ్ళు 37 డిగ్రీలు. అంటే జ్వరం లేని మనిషి ఒంటి వేడి. వేడి నీళ్ళు పంపమని మూడుసార్లు ఫోన్ చేశాక, నలభై నిమిషాలకి మూడో అంతస్తుకి ఎక్కి వచ్చిన బకెట్ అది. ఇంకో ఊళ్ళో అయితే సరిపెట్టుకునేవాళ్ళం. కానీ మేమున్నది ఒడిశాలోని తప్తపాణిలో. పేరులోనే వేడి నీళ్ళున్న ఊరు. భూమి తన ఖర్చుతో రాత్రింబవళ్ళు నీళ్ళు కాచి పోస్తున్న చోట, మా లాడ్జి వాళ్ళు మాత్రం చలికాలం పొద్దున మాకు గోరువెచ్చని బకెట్ ఇచ్చారు.

మా ఆయన ఊరుకోలేదు. ఫిజిక్స్ చెప్పే మనిషి. నీళ్ళకీ గాలికీ వేడిలో తేడా ఎంత ఎక్కువుంటే అంత త్వరగా చల్లారతాయని, మూత పెడితే సగం గొడవ తీరుతుందని రూమ్ బాయ్‌కి న్యూటన్ శీతలీకరణ నియమం చెప్పడం మొదలుపెట్టారు. ఆ అబ్బాయి ఓపిగ్గా విని, "సార్, లిఫ్ట్ లేదు" అన్నాడు. నా నోట్‌బుక్‌లో మొదటి రోజు పేజీలో ఆ మూడు మాటలే ఉన్నాయి. అంతకన్నా మంచి రివ్యూ నేను రాయలేను.

నోట్‌బుక్ సంగతి చెప్పాలి. మేం బరంపురం వాళ్ళం. నేను ఇంటర్ పిల్లలకి బయాలజీ చెప్తాను. మా వదిన స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరయ్యారు. మా ఆయన క్లాస్‌మేట్ ఒకాయన హైదరాబాదు నుంచి వచ్చాడు. అతన్ని ఈ ప్రయాణంలో అందరం "ఇస్రో" అనే పిలిచాం. కారణం ఏమిటంటే, మహేంద్రగిరి వెళ్తున్నాం అని ఫోన్‌లో చెప్తే, రాకెట్ ఇంజన్ల పరీక్షలు చూపిస్తారా అని అడిగాడు. ఇస్రో వాళ్ళ మహేంద్రగిరి తమిళనాడులో తిరునెల్వేలి దగ్గరుంది. మనది ఒడిశాలో గజపతి జిల్లాది, 1501 మీటర్ల కొండ. పాపం, బైనాక్యులర్స్ కూడా కొని తెచ్చుకున్నాడు.

హోటళ్ళకి నక్షత్రాలు ఇచ్చే పద్ధతి మా వదినకి నచ్చదు. "నాలుగు పాయింట్ రెండు అంటే దేన్ని కొలిచారమ్మా?" అంటారు. అందుకని ఈసారి మేం కొలవగలిగింది మాత్రమే కొలుద్దాం అనుకున్నాం. బకెట్లో నీళ్ళు ఎన్ని డిగ్రీలు, టీ ఎన్ని డిగ్రీలు, అడిగిన ఎన్ని నిమిషాలకి వచ్చింది. దీనికి రెండు థర్మామీటర్లు. ఒకటి ల్యాబ్‌లో వాడే గాజుది, రెండోది వంటింట్లో వాడే సూది లాంటి డిజిటల్‌ది. బయల్దేరే ముందురోజు రెండింటినీ ఐసు నీళ్ళలో, మరిగే నీళ్ళలో పెట్టి చూశాం. డిజిటల్‌ది అర డిగ్రీ ఎక్కువ చూపిస్తుంది. దాని గుణం తెలిశాక ఇబ్బంది లేదు.

బరంపురం నుంచి దిగపహండి మీదుగా తప్తపాణి యాభై కిలోమీటర్ల పైచిలుకు. కుండం చుట్టూ పెద్ద చెట్లు, పక్కన అమ్మవారు, కుళ్ళిన గుడ్డు వాసన. ఆ వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. ఇస్రో గాజు థర్మామీటర్ తీసి కుండంలోకి వంగాడు. పూజారి గారు గట్టిగా అరిచారు. అమ్మవారి నీళ్ళలో గాజు గొట్టాలేమిటని. ఆయనన్నది న్యాయమే, అక్కడ పసుపు కుంకుమ వేసి మొక్కుతున్నారు. చెంప దెబ్బ తిన్న పిల్లాడిలా ఇస్రో వెనక్కి వచ్చి, నీళ్ళు స్నానాలకి పారే చోట కొలుచుకున్నాడు. అప్పటికి అవి చల్లారిపోయి ఉన్నాయి కాబట్టి ఆ అంకె నేను ఎక్కడా చెప్పను.

ఇక్కడ అగ్నిపర్వతం ఉందా అని పక్కనే ఒకాయన అడిగాడు. లేదు. వాన నీళ్ళు రాతి పగుళ్ళలోంచి లోతుకి దిగుతాయి. కిలోమీటరు లోతుకి ఇరవై అయిదో ముప్పయ్యో డిగ్రీల చొప్పున భూమి వేడెక్కుతూ పోతుంది. అక్కడ కాగిన నీళ్ళు ఇంకో పగులు దొరికితే పైకి తన్నుకొస్తాయి. ఈ కొండల్లో ఎక్కువగా కనిపించే రాయికి ఖోండలైట్ అని పేరు. వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1902లో ఇక్కడి ఖోందు గిరిజనుల పేరు మీద పెట్టాడు. తప్తపాణి వెళ్ళేవాళ్ళకి నా వైపు నుంచి ఒకే సలహా: వెండి తీసేసి స్నానం చెయ్యండి. మా వదిన మెట్టెలు సాయంత్రానికి నల్లబడ్డాయి. ఆవిడేమో "ప్రయోగం విజయవంతం" అని ఫొటో తీసుకున్నారు. తర్వాత ఆ మెట్టెలు టూత్‌పేస్ట్ పెట్టి తోమింది నేను.

మర్నాడు చంద్రగిరి. ఇక్కడ 1963 నుంచి టిబెటన్లు ఉంటున్నారు. వాళ్ళు వేసిన మొక్కజొన్న చేల మధ్య జిరంగ్ దగ్గర పద్మసంభవ మహావిహారం ఉంది. 2010లో దలైలామా ప్రారంభించారు. చేల మీదుగా వచ్చే కంటికి ఆ పసుపూ ఎరుపూ కప్పులు ఒక్కసారి కనబడతాయి. లోపల నిశ్శబ్దం, బయట కుక్కల నిద్ర. ప్రార్థన చక్రాలు కుడివైపుకే తిప్పాలి, మన ప్రదక్షిణంలాగే. మా ఆయన ఒక పెద్ద చక్రం తిప్పి, వదిలేశాక ఎన్ని చుట్లు తిరుగుతుందో లెక్కపెడుతుంటే, వెనక నిలబడ్డ ముసలావిడ తన వంతు కోసం ఎంతసేపు ఆగిందో ఆయన చూడలేదు. నేను చూశాను. ఆయన చెయ్యి పట్టుకుని పక్కకి లాగాను.

మేం దిగింది ఒక కుటుంబం వాళ్ళు ఇచ్చే రెండు గదుల్లో. గోడలకి సున్నం, మంచాలకి మందపాటి పరుపులు, బాత్‌రూమ్ కాస్త ఇరుకు. నేను ఏ వంకా పెట్టను, ఎందుకంటే నీళ్ళు 52 డిగ్రీలు, అడిగిన పది నిమిషాలకి. టీ, స్వెట్టర్లు అమ్మే దుకాణంలో టీ దగ్గరే ఇస్రో దెబ్బ తిన్నాడు. వెన్న టీ అని రాసి ఉంటే తియ్యగా ఉంటుందనుకుని పెద్ద గుక్క వేశాడు. ఉప్పుది. మొహం చూసి వదిన, "టీ అనుకోకు, చారు అనుకో" అన్నారు. చారు అనుకున్నాక రెండో కప్పు కూడా తాగాడు. దుకాణం ఆవిడ అతన్ని "ననా" అని పిలిస్తే అటూ ఇటూ చూశాడు, ఎవరో పిల్ల తప్పిపోయి నాన్న కోసం వెతుకుతోందని. ఈ వైపు ఒడియాలో ననా అంటే అన్నయ్య. టిబెటన్ ఆవిడ, ఒడియా మాట, తెలుగు చెవి. మా డ్రైవరు నవ్వాపుకోలేక కారు దగ్గరికి వెళ్ళిపోయాడు. నేను ఊదా రంగు స్వెట్టర్ ఉందా అని అడిగి, లేకపోతే వచ్చినప్పుడు చెప్పమని నంబర్ ఇచ్చాను.

ఇక కొండ. మహేంద్రగిరి కింద ఊళ్ళో ఒక సవర గిరిజన కుటుంబం ఇంటి పక్క గది. గోడ మీద ఇడితల్ బొమ్మలు: పుల్లల్లాంటి మనుషులు, ఏనుగులు, నిచ్చెనలు. కరెంటు వచ్చీ పోతూ ఉంది. బాత్‌రూమ్ ఇంటికి ఇరవై అడుగుల దూరం, రాత్రి టార్చి ఉండాలి. ఇది వినగానే వెనక్కి తిరిగేవాళ్ళుంటారు, వాళ్ళ తప్పేం లేదు. మా నోట్‌బుక్ ప్రకారం మాత్రం ఫస్ట్ ర్యాంక్ దీనిదే. కట్టెల పొయ్యి మీద పెద్ద గిన్నెలో కాచిన నీళ్ళు 58 డిగ్రీలు, మూత పెట్టి తెచ్చారు. మూత! మా ఆయన ఆ ఇంటాయనకి నమస్కారం పెట్టినంత పని చేశారు. ఆ రాత్రే డిజిటల్ థర్మామీటర్ కనబడటం లేదని తెలిసింది. ఎక్కడ పారేశావని ఆయన, మీ చేతికే ఇచ్చానని నేను. అది సాక్ష్యాలు లేని కేసు.

పొద్దున చీకటితోనే బయల్దేరాం. కొండ మీద భీముడి గుడి, కుంతి గుడి, యుధిష్ఠిరుడి గుడి ఉన్నాయి. చోళుల శాసనం కూడా ఉంది. భీముడి గుడి చిన్నదే, కానీ ఆ రాళ్ళు చూస్తే పేరు ఎందుకొచ్చిందో అర్థమవుతుంది. కింద ఊళ్ళో 20 డిగ్రీలుంటే పైన 12. కిలోమీటరు ఎత్తుకి ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందనే లెక్కకి దగ్గరగానే ఉంది.

కార్లు ఆగే చోట రాయి మీద చిన్న గ్యాస్ స్టవ్ పెట్టి నీళ్ళు మరిగించాం. గాజు థర్మామీటర్ 95 దగ్గర ఆగిపోయింది. ఎంత మంట పెంచినా కదలదు. ఇస్రో మంట పెంచుతూనే ఉన్నాడు. పైన గాలి బరువు తక్కువ కాబట్టి నీళ్ళు అక్కడే మరిగిపోతాయని, ఇక పెంచితే గ్యాస్ అయిపోవడం తప్ప ఏమీ జరగదని వదిన స్టవ్ ముందు నుంచి అతన్ని లేపారు. చదువుకున్నదే. పాఠంలో ఎన్నోసార్లు చెప్పిందే. అయినా ఆ పాదరసం గీత 95 దగ్గర మొండికెయ్యడం చూస్తే నాకు ఒళ్ళు పులకరించింది, ఎందుకో.

అదే నీళ్ళలో బియ్యం పోశాం. కుక్కర్ తేలేదు, ప్రయోగం కోసమే. అరగంట దాటాక మా ఆయన పైనుంచి ఒక మెతుకు తీసి నలిపి, ఉడికిందన్నారు. అన్నమంతా పట్టి చూడక్కర్లేదు, ఒక్క మెతుకు చాలన్నారు కదా పెద్దలు. వదినకి ఈ సామెతంటే కోపం. ఎందుకంటే దీన్ని క్లాసులో నమూనా సేకరణకి ఉదాహరణగా చెప్పి, ఆ తర్వాత పిల్లలు ఏ సర్వేకైనా ఒక్కణ్ణే అడిగి వచ్చేవాళ్ళట. "ఒక్క మెతుకు చాలాలంటే అన్నం అంతా ఒకేలా ఉడకాలి. మూత ఉండాలి, మంట సమంగా ఉండాలి, మధ్యలో కలపాలి. వంటింట్లో అమ్మ అవన్నీ చేసేది కాబట్టి ఒక్క మెతుకుతో సరిపోయింది" అని గరిటె తీసుకుని అడుగు, మధ్య, అంచు నుంచి తొమ్మిది మెతుకులు తీశారు. నాలుగు పలుకు. అడుగున మాడింది. మా డ్రైవరు వచ్చి తొంగి చూసి, "ఏటి సార్, గాలికి మంట ఒక పక్కకే పోతంది గదా, గిన్నె తిప్పాల" అన్నాడు. నలుగురం డిగ్రీలున్నవాళ్ళం. గిన్నె తిప్పాలని ఎవరికీ తట్టలేదు. పలుకు అన్నంలో మా బరంపురం మామిడి ఆవకాయ కలుపుకుని తినేశాం.

సముద్రం కనిపిస్తుందని ఇస్రో బైనాక్యులర్స్ తీశాడు. లెక్క ప్రకారం కనిపించాలి: 1500 మీటర్ల ఎత్తు నుంచి దిక్చక్రం దాదాపు 138 కిలోమీటర్లు, తీరం అందులో పావు వంతు దూరం కూడా ఉండదు. కనబడింది మాత్రం పాలలాంటి మంచు. గంట సేపు చూశాడు. మేం చిప్స్ కవర్లు ఏరాం. అంత పవిత్రమైన కొండ మీద అన్ని కవర్లు ఎవరు పారేశారో గానీ, వాళ్ళ కోసం పరశురాముడు గొడ్డలి పట్టుకుని ఇంకా తపస్సు చేస్తుంటే బాగుండును.

చివరి మజిలీ పర్లాకిమిడి. లాడ్జి గురించి: గీజర్ రెండు నిమిషాలు 60 డిగ్రీలు, తర్వాత చన్నీళ్ళు. సగటు తీస్తే బాగానే ఉంటుంది, వదిన సగటు తియ్యనివ్వలేదు. సబ్బు నురగతో నిలబడ్డ మనిషికి సగటుతో పనేముంది? టిఫిన్‌కి మాత్రం వంక పెట్టలేం. ఇడ్లీ, అల్లం చట్నీ, పక్క టేబుల్ మీద ఒడియా, మా టేబుల్ మీద తెలుగు, సర్వర్ నోట్లో రెండూ. 1900లో నౌపడా నుంచి ఇక్కడికి రెండున్నర అడుగుల గేజి చిన్న రైలు వచ్చింది. ఇప్పుడు ఆ దారిలో బ్రాడ్ గేజే. కొమ్ముతో చేసిన కొంగ బొమ్మ ఒకటి కొన్నాను.

నాకు ఈ ఊరు అంటే గిడుగు రామమూర్తి పంతులు గారి ఊరు. ఇక్కడ మేష్టారుగా ఉంటూ, సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని సవర భాష నేర్చుకున్నారు. ఆ కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, క్వినైన్ మింగి మింగి చెవుడు తెచ్చుకున్నారు. క్వినైన్ చెవికి చెరుపు చేస్తుందని ఇప్పుడు మందుల పుస్తకాల్లో ఉంటుంది. ధ్వనుల మీద పని చేసేవాడికి పోయింది చెవులే. అయినా సవర వ్యాకరణం 1931లో వచ్చింది. ముందు రాత్రి మేం పడుకున్న ఇంటి వాళ్ళు మాట్లాడుకున్నది ఆ భాషే. మాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నాలుగు డిగ్రీలు, రెండు థర్మామీటర్లు ఉండీ. 1936లో ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి ఇటు పడ్డాక ఆయన రాజమండ్రి వెళ్ళిపోయారు.

ఇంటికొచ్చిన మూడో రోజు చంద్రగిరి నుంచి ఫోన్. దుకాణం ఆవిడ. మీ సూది ఇక్కడే ఉంది, టీ గ్లాసులో పెట్టి మర్చిపోయారు, రేపు పొద్దున బస్సులో పంపిస్తాను అంది. కొత్త బస్‌స్టాండ్‌లో కండక్టర్ న్యూస్ పేపర్ పొట్లం చేతిలో పెట్టాడు. యాభై రూపాయలు ఇవ్వబోతే తీసుకోలేదు. పొట్లం విప్పితే థర్మామీటర్ ఆన్‌లోనే ఉంది, 29 చూపిస్తూ. మా ఆయన అక్కడే నిలబడి, అందులో అర డిగ్రీ తీసేయాలి అన్నారు.

స్వెట్టర్ ఇంకా రాలేదట.